గ్రీకు కంబము – కడప బండ

గ్రీకు దేశచరిత్ర చెప్పునపుడు ఏథెన్సులోని పార్థినాన్ ఆలయపు బొమ్మను చూపి, డోరిక్, అయోనిక్, కొరింథియన్ అను మూడు పేర్లను వ్రాయించి ముందుకు సాగుట మన ఉన్నత పాఠశాలలలో వాడుక. పరీక్ష ముగియగానే ఆ పేర్లును మరుగున పడును. కర్నూలు, కడప సీమల విద్యార్థికి ఈ పాఠమును అతని ఇంటి మిద్దెనుండియే మొదలుపెట్టవచ్చును.

ఒక సుద్దముక్కను బల్లమీద నిలువుగా నిలిపి వ్రేలితో నొక్కిన అది తట్టుకొనును. దానినే రెండు పుస్తకముల నడుమ అడ్డముగా పెట్టి మధ్యలో నొక్కిన పుటుక్కున విరుగును. కారణమేమి? వంగునపుడు దాని పైభాగము నొక్కుకొనును, అడుగుభాగము సాగవలసివచ్చును. రాయియు ఇట్టిదే. ఎంత బరువునైనను మోయును గాని లాగుడును ఓర్వలేదు. కావున రాతిదూలము పొడవైనకొలది విరుగు భయము హెచ్చును.

గ్రీకులు కనుగొన్న ఉపాయము స్తంభములను దగ్గర దగ్గరగా నిలుపుట. క్రీ.పూ. 447లో ఇక్టినస్, కాలిక్రటిస్ అను శిల్పులు ఆరంభించిన పార్థినాన్‌కు చుట్టును 46 స్తంభములు. ఒక్కొక్కటి సుమారు 10.4 మీటర్ల ఎత్తు. అయినను ఒకదాని నడిమినుండి మరియొకదాని నడిమికి దూరము 4.3 మీటర్లు మాత్రమే. పైదూలమును సైతము మూడు పాలరాతి పలకలను ప్రక్కప్రక్కన చేర్చి అమర్చిరి.

ఇక కడప జిల్లా ఒంటిమిట్టలోని కోదండరామాలయమును చూడుడు. 1652లో ఈ సీమకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే మెచ్చుకొనిన ఆలయమిది. దాని మండపమున 32 స్తంభములు కలవు. ఇది గ్రీకులను చూచి కట్టినది కాదు. రాతి గుణము ఎచ్చటనైనను ఒక్కటే గనుక ఉపాయమును ఒక్కటే అయినది. నాపబండలు పరచిన మన మిద్దెలలో దంతెలను దగ్గరగా వేయుటకును కారణమిదియే.

గ్రీకు రూపము తెలుగు దేశమునకు వచ్చిన త్రోవ వేరు. 1799లో శ్రీరంగపట్టణము పడినది. 1800 అక్టోబరులో నిజాము కడప, బళ్లారి మున్నగు సీమలను ఇంగ్లీషు కంపెనీకి ఒప్పగించెను. ఇవియే దత్తమండలములు. (ఆ పేరు రుచింపక 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పిలుచుకొన్నారు. కర్నూలు మాత్రము 1839 వరకు నవాబు క్రిందనే యుండెను.) ఆ ఒప్పందము కుదిర్చిన రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. కొలది సంవత్సరములకే అతడు హైదరాబాదు కోఠిలో ఆరు కొరింథియన్ స్తంభముల ముఖమండపముతో రెసిడెన్సీని కట్టించెను. తరువాత మహిళా కళాశాలయై, నేడు మహిళా విశ్వవిద్యాలయమునకు చెందిన భవనమదియే.

మద్రాసులో ఇదే కాలమున, 1802లో, పూర్తియైన విందుశాల నేటి రాజాజీ హాలు. దానిని గ్రీకు ఆలయపు ఆకారమున కట్టిన జాన్ గోల్డింగ్‌హామ్ వృత్తిచే ఖగోళ శాస్త్రజ్ఞుడు! దాని త్రికోణపు ముఖములలో ఒకటి ప్లాసీ విజయమునకు, రెండవది శ్రీరంగపట్టణ విజయమునకు గుర్తు. దేవతకొరకు పుట్టిన కంబము ఇచ్చట ఏలికల డంబమునకు అక్కరకు వచ్చినది. కోఠిలోని ఆకుల బోదెలు రాయియు కావు, ఇటుకకు సున్నపు పూత.

నేటి కాంక్రీటు దూలమున అడుగున ఇనుపకమ్ములు లాగుడును భరించును. కావున కంబములను దూరదూరముగా నిలుపవచ్చును. అయినను క్రొత్త ఇండ్ల ముంగిట ఆకుల బోదెల కంబములను పోతపోసి నిలుపుచునే యున్నారు. విద్యార్థులకు ఒక టేపునిచ్చి, మొదట ఊరి గుడి మండపములో కంబముల ఎడమును కొలువుమని, పిదప అట్టి ఇంటి ముంగిట కొలువుమని పంపవచ్చును. ఏ కంబము బరువు మోయుచున్నదో, ఏది ఊరక నిలుచున్నదో వారే చెప్పుదురు.