దేవళాలి మాస్టారి సంఖ్యలు

నాసిక్ దగ్గరి దేవళాలిలో బడిపంతులుగా పనిచేసిన దత్తాత్రేయ రామచంద్ర కప్రేకర్‌కు పెద్ద డిగ్రీలు లేవు. అంకెలంటే ప్రాణం. తన అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగింపబడే సంఖ్యకు ఆయన ‘హర్షద’ అని పేరు పెట్టారు. 18 అలాంటిదే: 1, 8 కలిపితే 9.

1977లో గణితజ్ఞుడు ఇవాన్ నివెన్ అమెరికాలో ఒక సదస్సులో వీటిని ప్రస్తావించాక అక్కడ ‘నివెన్ సంఖ్యలు’ అన్నారు. మాస్టారి పేరే ముందుండటం న్యాయం.

తర్వాతి పరిశోధకులు పదుల లెక్క దాటి వెళ్లారు. ఇక్కడే అసలు అందం ఉంది. రామానుజన్ పేరుతో ముడిపడిన 1729నే చూడండి. మన పద్ధతిలో అంకెల మొత్తం 19. 19 తొంభైఒకట్లు 1729. స్థానాల విలువలు 1, 2, 6, 24, 120, 720గా పెరిగే ఫాక్టోరియల్ పద్ధతిలో అదే సంఖ్య 222001. మొత్తం 7, భాగఫలం 247. ఇక్కడా హర్షదమే!

బెల్జియం వైద్యుడు జెకెన్‌డార్ఫ్ 1972లో ప్రచురించిన సిద్ధాంతం ప్రకారం ప్రతి సంఖ్యనూ పక్కపక్కన లేని ఫిబొనాచి సంఖ్యల మొత్తంగా ఒకే విధంగా రాయవచ్చు. అలా 1729 అంటే 1597, 89, 34, 8, 1. అయిదు పదాలు, అంటే ఈ పద్ధతిలో అంకెల మొత్తం 5. అయిదుతో 1729 భాగింపబడదు కనుక ఇక్కడ హర్షదం కాదు.

పదుల లెక్కలో వరుసగా 20 హర్షద సంఖ్యలు దొరుకుతాయి, 21 అసాధ్యమని గణితజ్ఞులు కూపర్, కెనడీ 1993లో నిరూపించారు.