పద్నాలుగు వేలా, పదిహేను వేలా?

మన రాజోలు, అమలాపురం, కొత్తపేట పల్లెల్లో గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు లేని వీధి అరుదు. కువైట్, మస్కట్, దోహా పేర్లు మన అమ్మమ్మలకు కూడా నోటికి వచ్చు. అందుకే 1996 నవంబరు 12 సాయంత్రం హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద ఆకాశంలో జరిగిన ప్రమాదం మనకు దూరపు సంగతి కాదు. ఆ రోజు ఢీకొన్న రెండు విమానాల్లో ఒకటి సౌదీ అరేబియాకు వెళ్తోంది. అందులో ఎక్కువమంది భారతీయులే.

ఆ సౌదీ బోయింగ్ 747 ఢిల్లీ నుంచి లేచి పైకి వెళ్తోంది. కజకిస్తాన్ నుంచి వచ్చిన ఇల్యూషిన్ విమానం అదే ఢిల్లీలో దిగడానికి కిందికి వస్తోంది. అప్పట్లో రాకకూ పోకకూ ఒకటే దారి. కంట్రోలర్ సౌదీ విమానాన్ని 14,000 అడుగుల దగ్గర, కజక్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర ఉండమన్నాడు. మధ్యలో వెయ్యి అడుగుల ఖాళీ. పాటిస్తే అది చాలు.

కజక్ విమానం 15,000కు చేరామని చెప్పింది. కానీ నిజంగా అంతకంటే కిందికి దిగుతూనే ఉంది. ఎదురుగా 14,000 అడుగుల ఎత్తులో విమానం వస్తోందని కంట్రోలర్ చెప్పాడు. కొద్దిసేపటికే రెండూ ఢీకొన్నాయి. 349 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఆకాశంలో విమానాలు ఢీకొన్న ప్రమాదాల్లో ఇంత ప్రాణనష్టం మరెన్నడూ లేదు.

ఇంజనీరుగా నన్ను ఆపేసే విషయం ఒకటుంది. కజక్ విమానంలో కంట్రోలర్‌తో మాట్లాడేది రేడియో ఆపరేటర్. అతని సీటు దగ్గర ఎత్తు చూపే మీటరు లేదు; పైలట్ల భుజాల మీదుగా తొంగి చూడాలి. అంటే మాట ఒకరి చెవిలో, మీటరు మరొకరి కళ్లముందు. ఇటు ఢిల్లీలో అప్పటి రాడార్ విమానం ఎక్కడుందో చూపేది, ఎంత ఎత్తులో ఉందో చూపేది కాదు. పైలట్లు చెప్పిన మాటే కంట్రోలర్‌కు కొలత. జస్టిస్ లహోటీ కమిషన్, అనుమతి లేకుండా 15,000 కంటే కిందికి దిగడమే కారణమని తేల్చింది. సిబ్బందికి ఇంగ్లీషు సరిగా రాక ఆదేశాలను తప్పుగా అర్థం చేసుకోవడాన్నీ ఎత్తిచూపింది.

భాష తెలిసినా మాట జారొచ్చు. 1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్‌లో దిగబోతున్న ఒక సరుకుల విమానాన్ని 2,400 అడుగులకు దిగమనే ఉద్దేశంతో కంట్రోలర్ ‘టూ ఫోర్ జీరో జీరో’ అన్నాడు. అందులోని ‘టూ’ అంకె కాదు, ‘కు’ అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాట అనుకున్నారు పైలట్లు. ‘ఫోర్ జీరో జీరో’ అని తిరిగి చెప్పారు, అంటే 400 అడుగులు. ఆ తేడాను ఎవరూ పట్టుకోలేదు. విమానం కొండను ఢీకొంది. నలుగురూ చనిపోయారు.

విన్నదాన్ని ఇలా తిరిగి చెప్పడాన్ని విమానాలవాళ్లు ‘రీడ్‌బ్యాక్’ అంటారు. మన బడిలో దాని పేరు అప్పజెప్పడం. పద్యం అప్పజెప్పేటప్పుడు ఒక్క అక్షరం తప్పినా మాస్టారు ఆపేవారు గుర్తుందా? అప్పజెప్పడం సగం పనే. వినేవాడు తప్పు పట్టుకోవడం, చెప్పినవాడు దాన్ని చేసి చూపడం కలిస్తేనే పూర్తి. కౌలాలంపూర్‌లో మొదటిది తప్పింది, చర్ఖీ దాద్రీలో రెండోది.

ఆ తర్వాత ఢిల్లీలో రాకపోకల దారులు వేరు చేశారు. ఎత్తును చూపే రాడార్ వచ్చింది. ఎదురు విమానాన్ని పసిగట్టి పైలట్‌ను హెచ్చరించే పరికరం మనదేశంలో తప్పనిసరైంది. 2008 నుంచి అంతర్జాతీయ విమానాల పైలట్లకూ కంట్రోలర్లకూ ఇంగ్లీషు మాట్లాడే ప్రమాణం అమలులోకి వచ్చింది.

ఈ పాఠం మన గోదావరి గట్టుకూ పనికొస్తుంది. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. భద్రాచలంలో అవే 43, 48, 53. వరద రోజుల్లో ‘నీళ్లు పదిహేను అడుగులట’ అని ఫోనొస్తే, అది ఎక్కడి పదిహేను? ధవళేశ్వరంలో అయితే లంకల్లోవాళ్లు గొడ్లు విప్పుకోవాలి. భద్రాచలంలో అయితే నిశ్చింతగా పడుకోవచ్చు. అంకెతో పాటు ఊరి పేరూ చెప్పాలి, విన్నవాళ్లు రెండూ తిరిగి చెప్పాలి. మన పూర్వ విద్యార్థుల సంఘం వరద రోజుల్లో పంపే సమాచారంలో ఈ అలవాటు ఈ ఏటి నుంచే మొదలుపెడదామని నా మనవి.