గాజుపూస: బట్టీ, దీపం

భద్రాచలం ఏజెన్సీ వారపు సంతలను ఎరిగినవారికి పూసల అంగడిని గూర్చి చెప్పనక్కరలేదు. కోయ స్త్రీలు, కొండరెడ్డి స్త్రీలు మెడనిండ వరుసలుగా ధరించే పూసలు అడవిలో పుట్టినవి కావు. ఇప్పపూవు, చింతపండు, తునికాకు అడవినుంచి సంతకు వస్తవి. పూస సంతనుంచి అడవికి పోతుంది. దానిని మోసుకువచ్చినవారిలో పూసలవారు ముఖ్యులు. పూసలు, సూదులు, దువ్వెనలు, పసుపుకుంకుమలు తట్టలో పెట్టుకొని పల్లె పల్లెకు తిరగటం వారి వృత్తి. అయితే వారు అమ్మినవారే గాని చేసినవారు కారు. చేసినవారెవరు, ఎట్లా చేసినారు అన్నదే మేమీ ప్రసంగంలో విచారించదలచిన విషయం.

గాజుకు మూలం ఇసుక. వట్టి ఇసుక కరగవలెనంటే ఇంచుమించు 1,700 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. కట్టెల మంటకు అది అందదు. చవుటి ఉప్పు చేర్చితే వెయ్యి డిగ్రీల పైచిలుకు వేడికే దారికి వస్తుంది. రాగి చేరితే ఎరుపో ఆకుపచ్చో, కోబాల్టు చేరితే నీలం, మాంగనీసు చేరితే ఊదా రంగు తేలుతుంది. గోదావరి ఒడ్డున ఇసుకకు కొదువ లేదు, అడవిలో కట్టెకు కొదువ ఉండేది కాదు. అంతమాత్రాన గాజు పుట్టదు. రాత్రింబగళ్లు ఆరని బట్టీ కావలెను, దానిని వంతులవారీగా కనిపెట్టి ఉండే మనుషులు కావలెను. కమ్మరి కొలిమి వద్ద భార్య తిత్తి ఊదితే భర్త సమ్మెట వేస్తాడు, ఇల్లు గడుస్తుంది. గాజు బట్టీ అట్లా ఒక ఇంటితో గడిచేది కాదు.

ఈ పని మన దేశంలో కొత్తది కాదు. మెదకు సీమలోని కొండాపురంలో 1940 ప్రాంతాన హైదరాబాదు పురావస్తుశాఖ గులాం యజ్దానీ నాయకత్వాన త్రవ్వకాలు జరిపినప్పుడు శాతవాహనుల నాటి పూసలు విరివిగా బయటపడినవి. వాటిని గూర్చి మోరేశ్వర దీక్షిత్ వ్రాసిన గ్రంథం 1952లో వెలువడినది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ త్రవ్వినప్పుడు రోమకుల మట్టిపాత్రలకు దక్కినంత పేరు అక్కడి పూసలకు దక్కలేదు. తరువాతి పరిశోధకులు మాత్రం ఆ చిన్న పూసలనే వెంబడించి సింహళానికి, థాయిలాండుకు, వియత్నాముకు పోయినారు. ఆవగింజ మొదలు మిరియపు గింజ దాకా ఉండే ఆ ఒంటిరంగు పూసలు ఆఫ్రికా తూర్పు తీరంనుంచి జపాను దాకా దొరికినవి. రాజుల పేర్లు నిలువని చోట పూస నిలిచినది.

అన్నివేల పూసలు ఎట్లా చేసినారన్నది శాసనాలలో లేదు. శ్రీకాళహస్తికి సమీపాన, ఏర్పేడు మండలంలోని పాపానాయుడుపేటలో ఆ విద్య బ్రతికి ఉండబట్టి తెలిసినది. అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్, తరువాత ఆలోక్ కుమార్ కానుంగో ఆ ఊరి బట్టీల పనిని అడుగడుగునా పరిశీలించి వ్రాసిపెట్టినారు. లాడా అనే పొడవైన ఇనుపగొట్టం కొనకు కరిగిన గాజును పట్టించి, దొర్లించి, మళ్లీ పట్టించి పెద్ద శంఖువు ఆకారానికి తెస్తారు. గొట్టంగుండా మరొక ఇనుపకడ్డీ దూర్చి ఆ ముద్ద నడుమ బోలు కలిగిస్తారు. బరువైన ఆ లాడాను బట్టీ ఒక రంధ్రంలో ఉంచి త్రిప్పుతూ ఉంటే, మరొక రంధ్రం వద్ద కూర్చున్న పెద్ద పనివాడు కొక్కెంతో శంఖువు మొనను అందుకొని లాగుతాడు. ఇక అక్కడినుంచి చేయి మార్చి చేయి వేస్తూ, నూలు తీసినట్లు, సన్నని గాజుగొట్టాన్ని కొన్ని గంటలపాటు లాగుతూనే ఉంటాడు. త్రిప్పుడు ఏమరితే ముద్ద ఒక ప్రక్కకు జారి బోలు వంకరపోతుంది. లాగుడు మందగిస్తే గొట్టం లావెక్కుతుంది. ఇద్దరి చేతులకూ ఒకే లయ అలవడవలెను. అది వ్రాసి నేర్పేది కాదు.

ఆ గొట్టాన్ని చిన్న చిన్న ముక్కలుగా నరికి, బూడిదతో కలిపి కుండలో వేసి, మళ్లీ వేడిచేస్తూ కలియబెడతారు. అంచుల పదును పోయి ముక్క గుండ్రబడుతుంది. బూడిద రంధ్రాన్ని పూడనీయదు, ఒకదానినొకటి అంటుకోనీయదు. పిమ్మట జల్లెడ పట్టటం, ఏరటం, గ్రుచ్చటం. సంతలో దోసెడు పూసలు చవకగా దొరకినంత మాత్రాన వాటి వెనుక పని చవక అనుకొనరాదు.

దీపపు మంట మీద గాజుపని దీనికి భిన్నమైనది. గాజుకడ్డీని మంటలో మెత్తబరచి, మట్టి పూసిన ఇనుపతీగకు చుట్టి, ఒక్కొక్క పూసనే తీర్చుతారు. దీనికి బట్టీ అక్కరలేదు. బల్ల, దీపం, ఊదే గాలి చాలును. మన కంసాలి ప్రమిద ముందు కూర్చుండి ఊదుగొట్టంతో మంటను సూదిమొనగా మలచి అతుకు వేయటం చూచినవారికి ఇందులో వింత ఉండదు. రేడియో గృహాలవారు ఇంకొక పోలిక గ్రహించవచ్చును: పాత రేడియో పెట్టెలలో ఎర్రగా వెలిగే వాల్వుల గాజుబుడ్లను మూసి అతికినది కూడ ఇటువంటి మంటే.

ఈ దీపపు పనిలో వెనిసు నగరం పేరు పొందినది. అగ్నిభయంచేత 1291లో అక్కడి ప్రభుత్వం గాజు బట్టీలను మురానో ద్వీపానికి తరలించినది; దీపపు పని చిన్నది గనుక తరువాతి కాలంలో అది నగరంలోని ఇండ్లలో చోటు చేసుకొనగలిగినది. ఒంటరి పనివాని స్వాతంత్ర్యానికి దీపాన్ని గుర్తుగా కొందరు కొనియాడతారు. మేము అంత దూరం పోజాలము. అతని చేతిలోని కడ్డీ ఎక్కడిది? బట్టీనుంచి వచ్చినదే గదా! బొహీమియాలోని యిజేరా కొండల ఉదాహరణ ఇందుకు చాలును. అదీ అడవి సీమే. అడవి కట్టెతోనే అక్కడ గాజు బట్టీలు లేచినవి. కొండపల్లెల కుటీరాలలో మంట ముందు కూర్చుండి పూసలు చేసిన వేలమందికి రంగురంగుల కడ్డీలను పోసినవి జోసెఫ్ రీడెల్ (1816–1894) వంటివారి పెద్ద కర్మాగారాలు. కడ్డీ ధర అక్కడ, పూస కొనే వ్యాపారి యాబ్లోనెట్స్ పట్టణంలో. నడుమ పనివానికి మిగిలినది మంట మాత్రమే. ఆ సీమ పూసలూ గాజులూ మన దేశపు బజారులకు కూడ దిగినవి.

ఇప్పుడు మన పట్టణాలలోనూ ఉత్సాహవంతులు గ్యాసు మంటతో దీపపు పని మొదలుపెడుతున్నారు. ఖమ్మం, కొత్తగూడెం వంటి చోట నలుగురు చేరి ఒకే కొట్టంలో బల్లలు వేసుకొనగోరితే అది మంచి ఆలోచనే. అయితే తాటాకు కప్పు క్రింద పనికిరాదు; గ్యాసు సిలిండరు వెలుపల ఉండవలెను; గాలి ధారాళంగా ఆడవలెను; కండ్లకు అద్దాలు కావలెను. అన్నింటికంటె ముఖ్యం, చేసిన పూసను మెల్లగా చల్లార్చే వేడిపెట్టె. ఎర్రని పూసను గాలికి వదలితే పైపొర ముందు బిగుసుకొని, లోపలి ఒత్తిడికి గంటకో రోజుకో పగులుతుంది. రెండు జాతుల గాజులను కలిపి అతికితే వ్యాకోచాలు కుదరక అదే గతి. విలువైన ఈ పెట్టెను నలుగురూ కలసి కొనటమే తెలివి. గాజు పంచుకోక తప్పని పని అని ఇక్కడ కూడ తెలుస్తుంది.

పాపానాయుడుపేటకు ఉన్న చిక్కు ఇంతకంటె పెద్దది. దీపం బల్లను ఒకరు మూసినా ఇంకొకరు తెరవవచ్చును. లాడా పనిలో త్రిప్పేవాడు, లాగేవాడు, బట్టీ చూచేవాడు, నరికేవాడు ఒకరికొకరు ఆధారం. వారిలో ఒకడు మానితే తక్కినవారి నేర్పు ఉండీ లేనట్టే. ప్లాస్టిక్కు పూస సంతలో పరచుకొన్న తరువాత ఈ పనికి గిరాకీ తగ్గినది. పరిశోధకుల గ్రంథాలు, చలనచిత్రాలు పనిని చూపగలవు. లాగే చేతికి త్రిప్పే చేతి లయ తెలియటానికి మాత్రం ఒక కుర్రవాడు పెద్ద పనివాని ప్రక్కన, వేడి బట్టీ ముందు, కొన్ని సంవత్సరాలు కూర్చుండవలెను. ఆ కూర్చున్నన్నాళ్లు వాని ఇంటికి కూలి అందవలెను.