కెమెరాకు ముందటి కరువు: ధవళేశ్వరం కాటన్ మ్యూజియం చిత్రాలపై ఒక పరిశీలన

1832లో వానలు మొహం చాటేశాయి. మన లెక్కలో అది నందన సంవత్సరం. ఆ ఏడూ ఆ మరుసటి ఏడూ తీరాంధ్రను తినేసిన కరువుకు నందన కరువన్న పేరే నిలిచిపోయింది. గుంటూరు జిల్లాలో ఉన్న ఐదు లక్షల మందిలో సుమారు రెండు లక్షల మంది పోయారని కంపెనీ కాలపు అంచనా. గోదావరి పక్కనే పారుతున్నా రాజమండ్రి జిల్లాకు తప్పలేదు. ఆ జిల్లా జనాభా 1821లో 7,38,308. 1841 నాటికి 5,61,041. ఇరవై ఏళ్లలో లక్షా డెబ్బై ఏడు వేల మంది లెక్కలోంచి జారిపోయారు. అందరూ చనిపోయారని అనలేం. వలస పోయినవాళ్లు ఎందరో ఉన్నారు, ఆనాటి జనగణన పద్ధతులూ అంత గట్టివి కావు. అయినా ఒక జిల్లా పెరగాల్సిన కాలంలో నాలుగో వంతు దాకా తరిగిపోవడం చిన్న సంగతి కాదు.

వీళ్లలో ఒక్కరి ఫొటో కూడా లేదు, ఉండే అవకాశమే లేదు. పారిస్‌లో డాగెర్ తన ఛాయాచిత్ర పద్ధతిని బయటపెట్టింది 1839లో. అదే ఏడాది నవంబరులో ఉప్పెన కోరంగిని ముంచేసింది. దానికీ ఫొటో లేదు. మన డెల్టా బతుకును మలుపు తిప్పిన విపత్తులు కెమెరా పుట్టకముందే జరిగిపోయాయి. అలాంటి విపత్తును చిత్రాల మ్యూజియం ఎలా గుర్తు పెట్టుకోవాలన్నది ఈ వ్యాసంలో నేను వేసుకున్న ప్రశ్న.

ఆత్రేయపురం నుంచి ధవళేశ్వరం వెళ్లాలంటే బొబ్బర్లంక దగ్గర గోదావరిని దాటాలి. మ్యూజియం గడప తొక్కకముందే దాని కథ ఆ దారిలో కళ్లకు కడుతుంది. ఆత్రేయపురం మండలంలోని లొల్ల లాకుల దగ్గర మధ్య డెల్టా ప్రధాన కాలువ చీలి కోనసీమలోకి పోతుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భుజాలుగా 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్టే ఈ కాలువలకు తల్లి. దాని స్థానంలో కట్టిన బ్యారేజీ 1982లో పూర్తయింది. ఇవాళ గోదావరి డెల్టాలో పది లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. ఆ ఆనకట్ట కట్టించిన ఇంజినీరు కాటన్ జయంతి అయిన మే 15న ఊరూరా ఆయన విగ్రహాలకు దండలు పడటం, స్నాన సంకల్పంలో ఆ దొరను తలుచుకునే శ్లోకం పుట్టడం ఆ నీటి చలవే. ఆ కృతజ్ఞత నిజమైనది. నేనూ ఆ నీటికి రుణపడ్డవాణ్నే.

బ్యారేజీ దగ్గరున్న మ్యూజియం చిన్నది. ఉన్నవి దాదాపు వంద చిత్రాలు, పదిహేను నమూనాలు. ఆనకట్ట ఎలా లేచింది, నీటిని ఎలా మళ్లించారు అన్నది అవి వరసగా చెబుతాయి. ఆవరణలో పాత యంత్రాలున్నాయి. ప్రదర్శన బరువంతా నిర్మాణం మీదే. ఇక్కడ చిత్రం ఒక జవాబు. ఆ జవాబు ఏ ప్రశ్నకో తెలియాలంటే చూసేవాడు 1833ను తనతో తెచ్చుకోవాలి. బడి పిల్లవాడు తెచ్చుకోలేడు. అతనికి కాటన్ మహానుభావుడనే తెలుస్తుంది. ఎవరి చావులు చూసి ఒక ఇంజినీరు నదికి అడ్డుకట్ట వేయాలని పట్టుబట్టాడో తెలియదు. కరువును పక్కన పెడితే ఆనకట్ట వట్టి ఇంజినీరింగ్ ఘనతగా మిగులుతుంది, కాటన్ పని కూడా చిన్నబోతుంది.

ఇదే చిక్కు ఐర్లండుకూ వచ్చింది. ధవళేశ్వరంలో రాయి మీద రాయి పేరుస్తున్న ఆ ఐదేళ్లే ఐర్లండులో బంగాళదుంప తెగులు పడి జనం రాలిపోయిన ఏళ్లు. అప్పటికి కెమెరా ఉంది. అయినా ఆకలితో పోతున్నవాళ్ల ముందుకు దాన్ని ఎవరూ తేలేదు. ఈనాటికీ ఆ కరువుకు ముఖంగా చెలామణి అవుతున్నవి 1847లో జేమ్స్ మహోనీ లండన్ పత్రికకు గీసిన బొమ్మలు. రోస్‌కామన్ జిల్లా స్ట్రోక్స్‌టౌన్‌లో 1994లో తెరిచిన కరువు మ్యూజియం వేరే దారి పట్టింది. అక్కడి జమీందారీ భవనంలో దొరికిన కాగితాలనే గోడకెక్కించింది. క్లూనహీ రైతులు 1846లో పని కోసం, తిండి కోసం పెట్టుకున్న అర్జీ అందులో ఉంది. జమీందారు 1847లో ఓడలెక్కించి పంపేసిన 1,490 మంది వివరం ఉంది. ఫొటో చేయలేని పనిని ఆ అర్జీ చేస్తుంది. ఆకలిగొన్నవాడు ఆకలికి వస్తువుగా కాక మాట్లాడే మనిషిగా నిలబడతాడు.

మనకూ కాగితాలున్నాయి. రాజమండ్రి జిల్లా దుస్థితిని విచారించిన సర్ హెన్రీ మాంట్‌గొమరీ 1844లో నివేదిక ఇచ్చాడు. దాని వెనకే డెల్టా మీద కాటన్ నివేదికలు వచ్చాయి. రెవెన్యూ బోర్డు రికార్డులు చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వీటిని చదివేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. కంపెనీకి రాసిన కాగితం కాబట్టి మనిషి చావు కూడా శిస్తు నష్టంగానే కనిపిస్తుంది. పన్ను ఎంత పడిపోయింది, ఆనకట్ట కడితే ఎంత తిరిగొస్తుంది అన్న లెక్క మీదే అనుమతి నడిచింది. కాటన్‌లో జాలి లేదని కాదు, జాలి ఉన్నవాడు కూడా ఆ దొరతనాన్ని ఒప్పించడానికి శిస్తు భాషే మాట్లాడాల్సి వచ్చింది. ఆ పేజీలను పెద్దవి చేసి, పక్కన తెలుగులో వివరించి, 1821, 1841 జనాభా అంకెలను ఎదురెదురుగా గోడ మీద పెడితే చాలు, మ్యూజియం మొదటి గది సిద్ధమవుతుంది.

ఫొటో దొరికితే చాలు, అంతా తేటపడుతుందని కూడా నమ్మలేం. 1876–78 కరువుకు ఫొటోలున్నాయి. మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న విల్లబీ వాలెస్ హూపర్ ఎముకల గూళ్లలా మిగిలిన మనుషులను వరసగా కూర్చోబెట్టి తీశాడు. ఏ ఊరివాళ్లో, తర్వాత ఏమయ్యారో ఆ చిత్రాలు చెప్పవు. ఇదే హూపర్ మీద 1886లో మాండలేలో మరణశిక్ష అమలును ఫొటో కోసం ఆపించాడన్న అభియోగంతో విచారణ జరిగింది. బళ్లారి, కర్నూలు, కడప మాడిపోయిన ఆ ఏళ్లలో గోదావరి డెల్టా కాలువల పుణ్యాన నిలబడింది. 1878లో పార్లమెంటు కమిటీ ముందు కాటన్ తన నీటిపారుదల వాదాన్ని వినిపించాడు. హూపర్ చిత్రాలను తెచ్చి నందన కరువుకు గుర్తుగా వేలాడదీద్దామని ఎవరికైనా తోచవచ్చు. అది చేయకూడని పని. ఒక ప్రాంతం చావుకు మరో ప్రాంతం శవాలను సాక్ష్యంగా పెట్టడం అవుతుంది.

నిజంగా మన చేతిలో ఉన్న వరద ఫొటోల సంగతి వేరు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు లేచింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఏటిగట్లకు పలుచోట్ల గండ్లు పడ్డాయి. ఎనభయ్యారు వరద అంటే ఈ డెల్టాలో ఏ ఊరి పెద్దకైనా ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. 2022 జూలైలో భద్రాచలం మట్టం మళ్లీ 71 అడుగులు దాటినప్పుడు లంకల జనం కొలిచిందంతా ఎనభయ్యారుతోనే. దివిసీమలో 1977 నవంబరు 19 ఉప్పెనలో పోయినవాళ్లకు స్మారకం ఉంది. కెరటం లోపలికి ఎంతదాకా వచ్చిందో ఆ చోటనే దాన్ని నిలబెట్టారు. నీరు చేరిన హద్దును అంత కచ్చితంగా ఏ ఫొటో చెప్పలేదు. మన వరదకు ఫొటో, నీటి హద్దు గుర్తు రెండూ కావాలి.

ఎనభయ్యారు ఫొటోలు రెండు చోట్ల ఉంటాయి. పత్రికల పాత సంచికలు ఒకటి, ఇంటి ఆల్బమ్‌లు రెండోది. రెండోవే నాకు ముఖ్యం. పత్రిక ఫొటోగ్రాఫర్ హెలికాప్టర్‌నీ మునిగిన రోడ్డునూ తీస్తాడు. ఇంటివాడు నీళ్లు దిగాక నానిన ధాన్యం, కూలిన పెంకుటిల్లు, గట్టు మీద కట్టేసిన గేదె పక్కన నిలబడ్డ పిల్లలను తీయించుకుంటాడు. గోదావరి జిల్లాల తేమకు ఆ ప్రింట్లు ఒకదానికొకటి అతుక్కుని పాడైపోతున్నాయి. తీసినవాళ్లకూ అందులో ఉన్నవాళ్లకూ వయసు మీద పడుతోంది.

అందుకని మ్యూజియం వాటిని ఇప్పుడే సేకరించాలి, సేకరణ పద్ధతి ముందే తేల్చుకోవాలి. ప్రతి ఫొటోకూ నాలుగు సంగతులు రాయాలి: తీసిన చోటు, తేదీ, అందులో ఉన్నవాళ్ల పేర్లు, ప్రదర్శనకు ఇంటివాళ్ల అనుమతి. ప్రింటును ఇంటివాళ్లకే వదిలేసి స్కాన్ చేసుకోవాలి. ఆ ఇంటి గోడ మీద వరద గుర్తుంటే దాని ఎత్తును కొలిచి ఫొటో కిందే రాయాలి. అసలు ఫొటోయే లేని ఇళ్ల దగ్గర, ముఖ్యంగా కూలీల పేటల్లో, మాటనే రికార్డు చేసి అంతే స్థలం ఇవ్వాలి. ఎనభయ్యారులో కెమెరా ఉన్న ఇళ్లు తక్కువ. ఫొటోలు మాత్రమే ఏరుకుంటే పేదవాళ్ల నష్టం మరోసారి లెక్కలోంచి జారిపోతుంది. ఈ పని ఏటిగట్టు లోపలి లంక గ్రామాల నుంచి మొదలుకావాలి. వరద వచ్చిన ప్రతిసారీ మొదట మునిగేవి అవే, ఆల్బమ్‌లు మొదట పాడయ్యేదీ అక్కడే.