నెగడు దగ్గర పోసిన తూటాలు, మైదానంలో మాయమైన దున్నలు

అమెరికా ఆదివాసుల దున్నలు ఎలా పోయాయంటే రైలు వచ్చింది, తెల్లోళ్లు వచ్చారు, కాల్చేశారు అని మనం ఒక్క ముక్కలో చెప్పేస్తాం. నిజమే. కానీ ఊరూ కొట్టూ లేని గడ్డి మైదానంలో నెలల తరబడి ఉండిపోయిన వేటగాళ్లకి అన్ని తూటాలు ఎక్కడివి? మా చర్చలో ఒక తమ్ముడు ఈ ప్రశ్న వేశాడు. చదివి చూస్తే, చాలావరకు వాళ్లే చేసుకున్నారు.

మన ఊళ్లలో పెద్దోళ్లు చెప్పే నాటు తుపాకీకి తూటా ఉండదు. గొట్టంలో మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరాలి. రెండో దెబ్బకి సిద్ధమయ్యేలోపు జంతువు కొండ దాటిపోతుంది. 1870ల నాటికి అమెరికాలో ఇత్తడి తూటా వాడకంలోకి వచ్చేసింది. మందు, సీసం గుండు, నిప్పు రాజేసే చిన్న క్యాపు, మూడూ ఒకే ఇత్తడి గొట్టంలో. షార్ప్స్ రైఫిల్‌కి వెనక నుంచి దాన్ని దూర్చి కాల్చడమే. 1872లో వచ్చిన పెద్ద తూటాని 'బిగ్ ఫిఫ్టీ' అన్నారు. అర అంగుళం లావు, దాదాపు 6 గ్రాముల మందు, 30 గ్రాముల సీసం.

పేలాక ఆ ఇత్తడి గొట్టం పారేయక్కర్లేదు. వేటగాడు మందు పీపాలు, సీసం కడ్డీలు, క్యాపులు బండిలో వేసుకుని పోయేవాడు. రాత్రి నెగడు దగ్గర సీసం కరిగించి అచ్చులో పోసి, గుండుకి పలచటి కాగితం చుట్టి, పొద్దున కాల్చిన గొట్టాల్నే మళ్లీ నింపేవాడు. చచ్చిన దున్న ఒంట్లోంచి సీసం తవ్వి తీసి మళ్లీ కరిగించిన వాళ్లూ ఉన్నారు. ఫ్యాక్టరీ తూటా కంటే ఇది చౌక. ఇంకో లాభం, తన తుపాకీకి ఏ కొలత కుదురుతుందో తనే కాల్చి చూసుకోవచ్చు. మందు కాస్త తగ్గితే దూరంలో గుండు కిందికి పడిపోతుంది. అందుకే ప్రతి గొట్టంలో ఒకటే కొలత పడాలి.

దూరం ఎందుకంటే, దున్నల స్వభావం వల్ల. రెండు మూడు వందల గజాల అవతల నుంచి ముందు నడిచే దున్నని కొడితే, శత్రువు కనపడక మంద బెదరదు. పడిపోయిన దాని చుట్టూ తిరుగుతూ అక్కడే నిలబడుతుంది. వేటగాడు కర్రల మీద తుపాకీ ఆనించి ఒక్కొక్కటిగా కొట్టేవాడు, మధ్యలో గొట్టంలో నీళ్లు పోసి మసి కడుక్కునేవాడు. దీన్ని వేట అనడానికి మాకు మనసు రావట్లేదు. తోలు తీసి మాంసం వదిలేశారు. 1871 ప్రాంతంలో ఆ తోలుని ఫ్యాక్టరీలకి పనికొచ్చేలా పదును చేసే పద్ధతి దొరికింది, తోలుకి డబ్బు వచ్చింది, అంతే.

1867 మెడిసిన్ లాడ్జ్ ఒప్పందంలో అర్కాన్సాస్ నదికి దక్షిణాన, వేటకి సరిపడా దున్నలు ఉన్నంత కాలం, కొమాంచీ, కయోవా, షయెన్ జనానికి వేట హక్కు ఉందని ప్రభుత్వం సంతకం పెట్టింది. ఉన్నంత కాలం! దున్నలు లేకపోతే హక్కూ లేదు. తోలు వేటగాళ్లు నది దాటి వచ్చేశారు.

1874 జూన్ 27న క్వానా పార్కర్, ఇసతాయ్‌లతో కలిసి వందల మంది యోధులు టెక్సాస్‌లోని అడోబీ వాల్స్ మీద పడ్డారు. లోపల 28 మంది మగాళ్లు, ఒక ఆడమనిషి. కానీ అది వేటగాళ్ల సరుకు దొరికే చోటు, తూటాలకి కొదవ లేదు. దూరం కొట్టే ఆ తుపాకుల ముందు దాడి నిలవలేదు. మూడో రోజు బిల్లీ డిక్సన్ కొట్టిన ఒక దెబ్బకి చాలా దూరాన గుర్రం మీద ఉన్న యోధుడు పడిపోయాడు. తర్వాత కొలిస్తే 1,538 గజాలు అన్నారు. అది అదృష్టం దెబ్బేనని డిక్సనే ఒప్పుకున్నాడు. అయినా ఆ దెబ్బ గురించి పుస్తకాలు ఉన్నాయి, పడిపోయిన మనిషి గురించి ఎంత వెతికినా మాకు నాలుగు వాక్యాలు దొరకలేదు.

ఆ సెప్టెంబర్‌లో పాలో డ్యూరో లోయలో సైన్యం వాళ్ల గుర్రాల్ని పట్టుకుని వెయ్యికి పైగా కాల్చేసింది. 1875 జూన్‌లో క్వానా లొంగిపోయాడు. 1870లు ముగిసేసరికి దక్షిణ మంద లేదు, 1883కి ఉత్తర మంద కూడా అయిపోయింది. కోట్లలో తిరిగిన జంతువు 1889 లెక్కకి వెయ్యి దరిదాపుల్లో మిగిలింది.

1876 జూన్‌లో లిటిల్ బిగ్‌హార్న్‌లో కస్టర్ దళం ఓడిపోయింది. ఆరు వారాలకే, ఆగస్టు 5న, వాయవ్యంలో పోరాడుతున్న ఆదివాసులకి ఇత్తడి తూటాలు అందకుండా ఆపాలని అమెరికా కాంగ్రెస్ తీర్మానం చేసింది. తోలు వేటగాడి అచ్చుకి, మందు పీపాకి అలాంటి అడ్డు ఎప్పుడూ రాలేదు. (మన దగ్గర ఆయుధాల చట్టం 1878లో వచ్చింది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద మన్యం వాళ్లు పడింది తుపాకులతో పాటు తూటాల కోసం కూడా.)

ఇత్తడి తూటాలు అందకపోతే ఆదివాసులు ఏం చేశారో ఆ కాలపు సైన్యాధికారి రిచర్డ్ డాడ్జ్ 1882 పుస్తకంలో రాశాడు. వ్యాపారి దగ్గర మామూలు తుపాకీ క్యాపులు కొని, వాడేసిన గొట్టాల అడుగున ఇమిడ్చి, మందూ సీసమూ మళ్లీ నింపుకున్నారట.