మూడు లాంతర్ల దారి ఎవరిది?

విజయనగరంలో మూడు లాంతర్లు ఎక్కడని అడిగితే చిన్నపిల్లవాడైనా చెయ్యి చూపిస్తాడు. కరెంటు ఎరగని కాలంలో, చీకటిపడ్డాక ఆ కూడలి దాటేవాళ్లకు దారి కనిపించాలని పెట్టిన దీపాలవి. అప్పట్లో ఆ దారిన బండెక్కి పోయేవాళ్లు ఎందరని? తలమీద గంపతో సంతకు వచ్చినవాళ్లు, కోటలో పని ముగించుకుని ఇంటిముఖం పట్టినవాళ్లు, చదువుకోవడానికి పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లు, అంతా కాలినడకనే. అందుకే ఆ లాంతర్లు పాదచారి కోసం ఈ ఊరు చేసిన తొలి ఏర్పాట్లలో ఒకటని నా నమ్మకం.

2020 మేలో ఆ లాంతర్ల స్తంభాన్ని కూల్చినప్పుడు ఊరు భగ్గుమంది. రాజవంశీకుడు అశోక్ గజపతిరాజు మొదలుకొని మామూలు జనం దాకా బాధపడ్డారు. ఆ బాధలో న్యాయం ఉంది. అయితే దీపం కోసం లేచిన గొంతు, ఆ దీపం కింద నడవాల్సిన బాట కోసం అంత గట్టిగా ఎప్పుడూ లేవలేదు.

ఆ బాట సంగతి పొరుగున శ్రీకాకుళంలోనూ అంతే. అక్కడి మున్సిపాలిటీ 1856 నాటిది, విజయనగరానిది 1888. రెండూ ఇప్పుడు కార్పొరేషన్లే. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి నుంచి డే అండ్ నైట్ జంక్షన్ దాకా, ఇటు విజయనగరంలో గంటస్తంభం నుంచి కోట దాకా ఒకసారి నడిచి చూడండి. మురిక్కాలువ మీద పరిచిన పలకలే మన ఫుట్‌పాత్. ఒక పలక విరిగి ఉంటుంది, మరొకటి అసలు ఉండదు. దాటి ముందుకెళితే దుకాణం మెట్లు, ఆపైన ట్రాన్స్‌ఫార్మర్, ఆపైన వరసగా నిలిపిన మోటారుసైకిళ్లు. చివరికి ముసలమ్మ మనవడి చెయ్యి పట్టుకుని బస్సుల మధ్యకు దిగుతుంది. “బేగి దాటీ నానమ్మా” అని వాడే ఆవిడను లాక్కుపోతాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం అడ్డంకి లేని నడకదారి కనీసం 1.8 మీటర్ల వెడల్పుండాలి. దాని ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇద్దరు ఎదురుపడి తప్పుకోవడానికీ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కడానికీ వేసిన లెక్క అది.

మన జిల్లాల నుంచి పనికోసం వలసపోయినవాళ్లకు పెద్ద నగరంలోనూ ఇదే కష్టం. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే కూలీల్లో, వాటికి కాపలా ఉండేవాళ్లలో ఉత్తరాంధ్ర వాళ్లు చాలామంది. ఆ నగరంలోనే కాంతిమతి కన్నన్ ‘రైట్ టు వాక్ ఫౌండేషన్’ స్థాపించి, నడిచే హక్కు ఒకటుందని పదేపదే గుర్తుచేశారు. ఫుట్‌పాత్ ఏదని అడిగితే వింతగా చూసే కాలంలో ఆ ప్రశ్న అడగడానికే గుండె కావాలి.

ఇలాంటి పోరాటాలు ఆలస్యంగానైనా ఫలిస్తాయి. ఇంగ్లండులో 1929లో పాదచారుల సంఘం పుట్టింది. ఆరేళ్లు తిరిగేసరికి జనావాసాల్లో కార్లకు గంటకు 30 మైళ్ల వేగ పరిమితి వచ్చింది. చెన్నై 2014లో నడకకూ సైకిలుకూ పెద్దపీట వేసే విధానం తెచ్చి, 2019లో పాండీ బజారును నడిచేవాళ్లకు అనువుగా మార్చింది.

మనదగ్గర ఫుట్‌పాత్ మాటెత్తగానే తోపుడుబండ్లు ఎత్తేయమంటారు. ఇది నాకు బొత్తిగా నచ్చని మాట. 1985లో ముంబయి ఫుట్‌పాత్ వాసుల గురించిన ఓల్గా టెలిస్ కేసులో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ నడిచేవాళ్లదేనంటూనే, బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం బండ్లు ఎక్కడ నిలవాలన్నది పట్టణ వెండింగ్ కమిటీ చూడాలి. అందులో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారులే ఉండాలి. జామకాయలమ్మే మనిషికి చోటు చూపించి, రోడ్డు మీదకు పొడుచుకొచ్చిన పెద్ద దుకాణపు మెట్లు తీయించడం ఆ చట్టంతో కుదిరే పనే.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో 32,825 మంది నడిచేవాళ్లు. అంటే రోజుకు దాదాపు 90 మంది. కోయంబత్తూరు ఎముకల వైద్యుడు ఎస్. రాజశేఖరన్ 2012లో వేసిన పిటిషన్‌పైనే సుప్రీంకోర్టు 2025 మే 14న, సరైన ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగం 21వ అధికరణ కింద ప్రజల హక్కని తేల్చింది. దివ్యాంగులకు కూడా అది అనువుగా ఉండాలంది.

రోడ్డును జనానికి వదలడం మనకు చేతకానిదేమీ కాదు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి జాతర సిరిమాను మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోటకు మూడుసార్లు తిరుగుతుంది. పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల వెంట జనం ఏరులా కదులుతారు. ఆ పూట పోలీసులు, కార్పొరేషన్, దుకాణదారులు కలిసి దారి ఖాళీ చేస్తారు. విశాఖ బీచ్ రోడ్డులో అయితే పొద్దున్నే కొన్ని గంటలు వాహనాలను ఆపి నడిచేవాళ్లకు వదులుతున్నారు.

ఫుట్‌పాత్‌ల తనిఖీ చేయమని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో ఆదేశించింది 50 పెద్ద నగరాలకే. శ్రీకాకుళం, విజయనగరం ఆ లెక్కలోకి రావు. కాబట్టి ఇక్కడ టేపు పట్టుకోవాల్సింది మనమే. బడి ముందు, ఆసుపత్రి ముందు, ఆర్టీసీ కాంప్లెక్సు ముందు నడకదారి ఎన్ని అడుగులుందో, ఎన్ని పలకలు లేవో వార్డులవారీగా రాసి కమిషనర్ చేతికివ్వాలి. వచ్చే బడ్జెట్‌లో వాటికి ఎంత కేటాయించారో అడగాలి.