ఊగే సిలిండర్ ఆవిరి ఇంజిన్: ఇంటి వర్క్‌షాపులో నిర్మాణం, జాగ్రత్తలు

ఆవిరి ఇంజిన్లలో అత్యంత సరళమైనది ఊగే సిలిండర్ ఇంజిన్. ఇందులో కవాటాలను నడిపే ప్రత్యేక యంత్రాంగం ఉండదు. సిలిండరే ఒక ఇరుసుపై ఇటూ అటూ ఊగుతూ, తన రంధ్రాన్ని ఒకసారి ఆవిరి వచ్చే దారికి, మరోసారి వాడిన ఆవిరి పోయే దారికి ఎదురుగా తెచ్చుకుంటుంది. కదిలే భాగాలు ముఖ్యంగా మూడే: సిలిండర్, పిస్టన్, ఫ్లైవీల్‌తో కూడిన క్రాంక్. ఇంట్లో నమూనా ఇంజిన్ల నిర్మాణాన్ని అభిరుచిగా చేపట్టేవారిలో చాలామంది దీనితోనే మొదలుపెట్టడానికి కారణం అదే.

ఈ పద్ధతికి ఆద్యుడిగా జేమ్స్ వాట్ సంస్థలో పనిచేసిన విలియం మర్డాక్‌ను చెబుతారు. అది 1785 నాటి మాట. ఆటవస్తువులా కనిపించే ఈ ఏర్పాటు తర్వాతి కాలంలో నౌకలకెక్కింది. 1858లో జలప్రవేశం చేసిన 'గ్రేట్ ఈస్టర్న్' నౌక తెడ్డు చక్రాలను తిప్పినవి ఊగే సిలిండర్లే. ఒక్కొక్కదాని వ్యాసం 74 అంగుళాలు, పిస్టన్ ప్రయాణం 14 అడుగులు. బొంబాయిని ఏడెన్‌తో కలిపిన సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగను 1870లో పరచినది ఆ నౌకే. బల్లమీద ఊగే 12 మిల్లీమీటర్ల సిలిండర్‌కు ఇంత పెద్ద బంధువు ఉందన్నమాట.

నిర్మాణం లెక్కతో మొదలవుతుంది. సిలిండర్ లోపలి వ్యాసం 12 మి.మీ., పిస్టన్ ప్రయాణం 20 మి.మీ. అనుకుందాం. అప్పుడు క్రాంక్ పిన్ దాని కేంద్రం నుంచి 10 మి.మీ. దూరంలో ఉండాలి. సిలిండర్ ఊగే ఇరుసుకు, క్రాంక్ కేంద్రానికి నడుమ 50 మి.మీ. ఉంచితే, సిలిండర్ ఒక్కో వైపుకు సుమారు 11.5 డిగ్రీలు ఊగుతుంది. సిలిండర్ రంధ్రాన్ని ఇరుసు నుంచి 15 మి.మీ. పైన పెడితే, అది ఒక్కో వైపుకు సరిగ్గా 3 మి.మీ. జరుగుతుంది. కాబట్టి నిలువు పలకలోని రెండు రంధ్రాల కేంద్రాలు మధ్యరేఖకు చెరో 3 మి.మీ. దూరంలో ఉండాలి. ఇక రంధ్రాల వ్యాసం ఎంత? 3 మి.మీ. దాటితే పిస్టన్ పై కొసలోనో కింది కొసలోనో ఉన్నప్పుడు రెండు దారులూ ఒకేసారి తెరుచుకుని ఆవిరి నేరుగా బయటికి పోతుంది. 2.5 మి.మీ. పెడితే అర మిల్లీమీటరు మూత మిగులుతుంది. ఈ ఒక్క లెక్క తప్పడం వల్లే ఎన్నో తొలి ఇంజిన్లు తిరగకుండా అలమారలో చేరతాయి.

గుర్తులు పెట్టడంలో మరో మెలిక ఉంది. సిలిండర్ రంధ్రం సరళరేఖలో కాక చాపంలో కదులుతుంది; ఊగిన చివర అది సుమారు 0.3 మి.మీ. కిందికి దిగుతుంది. అందువల్ల స్కేలు పెట్టి కొలవడం కన్నా, ఇరుసు కేంద్రం నుంచి వృత్తలేఖినితో 15 మి.మీ. చాపం గీసి, దానిపై రంధ్రాలు గుర్తించడం మేలు.

సిలిండర్‌కు ఇత్తడి లేదా కంచు, ఇరుసులకు ఉక్కు కడ్డీ, నిలువు పలకకు ఇత్తడి వాడతారు. సిలిండర్ లోపలి భాగాన్ని డ్రిల్‌తో ముగించకూడదు. కొద్దిగా తక్కువ వ్యాసంతో తొలిచి రీమర్‌తో సరిచేయాలి. పిస్టన్ నూనె పూసినప్పుడు తన బరువుతో నెమ్మదిగా జారేంత బిగుతు చాలు. సిలిండర్, పలక కలిసే ముఖాలే ఈ ఇంజిన్‌కు ప్రాణం. గాజుపలకపై సన్నని ఎమరీ కాగితం పరచి, నూనె చుక్క వేసి, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దుతూ వాటిని చదును చేయాలి. ఓపిక కావలసిన పని ఇదే. లేత్ మీద గడిపిన సమయం కన్నా ఇక్కడ ఎక్కువ పడుతుంది.

లేత్ కొనడం అందరికీ సాధ్యం కాదు. పంజాబ్‌లోని బటాలా, గుజరాత్‌లోని రాజ్‌కోట్ లేత్‌ల తయారీకి పేరు పొందినవి కనుక అక్కడి పాత యంత్రాలకు గిరాకీ ఉంది. లేనివారు మోటారు పంపులు బాగుచేసే ఊరి లేత్ షాపులో సిలిండర్, ఫ్లైవీల్ మాత్రం చేయించుకుని, మిగతాది వైస్, ఆకురాయి, డ్రిల్లింగ్ మిషన్‌తో ముగించవచ్చు. ఫ్లైవీల్ వంకర లేకుండా తిరగడం అన్నిటికన్నా ముఖ్యం.

తొలి పరీక్ష ఆవిరితో కాదు, గాలితో చేయాలి. బాగా కుదిరిన ఇంజిన్ నోటితో ఊదినా తిరుగుతుంది. గాలి నింపిన పాత ట్యూబుకు గొట్టం తగిలించినా సరిపోతుంది. ఈ ఇంజిన్ తనంతట తాను మొదలుకాదు, ఫ్లైవీల్‌ను వేలితో తిప్పాలి. ఆవిరి గొట్టాన్ని రెండో రంధ్రానికి మారిస్తే వెనక్కు తిరుగుతుంది. తిరగకపోతే ముందుగా సిలిండర్‌ను పలకకు నొక్కిపట్టే స్ప్రింగును చూడాలి. బిగుతు ఎక్కువైతే రాపిడికి ఆగిపోతుంది, తక్కువైతే గాలి పక్కనుంచి పోతుంది. లోపల నీరు చేరినప్పుడు సిలిండర్‌ను కాస్త ఎత్తి దారి ఇచ్చేదీ ఆ స్ప్రింగే.

అసలు ప్రమాదం ఇంజిన్‌లో లేదు, బాయిలర్‌లో ఉంది. సాధారణ వాతావరణ పీడనం వద్ద నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు వ్యాకోచిస్తుంది. 50 మి.మీ. వ్యాసమున్న చిన్న బాయిలర్‌లో చదరపు సెంటీమీటరుకు 2 కిలోల పీడనం ఉన్నా, దాని మూతపై పడే బలం దాదాపు 39 కిలోలు. అందుకే ఆహార పదార్థాల డబ్బాలను, సీసాలను మూసి వేడిచేయడం ఎన్నడూ తగదు. బాయిలర్‌ను రాగి గొట్టంతోనే చేయాలి. మూతలు ఉబ్బకుండా రెంటినీ కలుపుతూ మధ్యలో కడ్డీ వేయాలి. అతుకులకు వెండి టంకమే వాడాలి. అది 600 డిగ్రీలు దాటితే గాని కరగదు. రేడియో పనులకు వాడే మెత్తటి టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది. నీరు ఇంకిపోయి మంట కొనసాగితే ఆ వేడి రావడానికి ఎంతో సేపు పట్టదు. పూర్తయిన బాయిలర్‌ను చల్లని నీటితో పూర్తిగా నింపి, గాలి లేకుండా చేసి, నడిపే పీడనానికి రెట్టింపు వద్ద పరీక్షించాలి. సేఫ్టీ వాల్వు లేకుండా పొయ్యి వెలిగించకూడదు; దాని నుంచి ఆవిరి కారుతోందని బిగించడం అంతకన్నా పెద్ద తప్పు.

భారతదేశంలో 2025లో రద్దయిన 1923 నాటి బాయిలర్ల చట్టం నిర్వచనం ప్రకారం 25 లీటర్ల లోపు సామర్థ్యమున్న పాత్రలు బాయిలర్లుగా పరిగణనకు వచ్చేవి కావు. అంటే ఇంట్లో చేసిన అరలీటరు బాయిలర్‌ను ఆ చట్టం కింద తనిఖీ చేసే ఇన్స్‌పెక్టర్ ఉండేవాడు కాదు. పరీక్షించే బాధ్యత పూర్తిగా చేసినవారిదే. పిల్లలు చూస్తుండగా నడిపేటప్పుడు వారిని బాయిలర్ చివరి మూతలకు ఎదురుగా నిలబెట్టకూడదు. మంట ఆరి, బర్నరు చల్లబడ్డాకే స్పిరిట్ నింపాలి. ఆట ముగిశాక సిలిండర్‌లోని నీటిని వంచేసి, రంధ్రంలో రెండు చుక్కల నూనె వేసి ఫ్లైవీల్‌ను నాలుగుసార్లు చేత్తో తిప్పి ఉంచితే ఉక్కు భాగాలు తుప్పు పట్టవు.